ఆవు వేసిన కన్నం

రెంటచింతలలో ఎండ యాభై రెండు డిగ్రీలు దాటిన ఏడాది, ఇళ్ల నేలలకు చలి తగలకూడదని చట్టం వచ్చింది. మంచు దేశంలో ఎవరో రాసుకున్న నిబంధనను మనవాళ్లు కామాతో సహా దించేశారు. కొత్త ఇల్లు కడితే బండల మీద జానెడు మందాన థర్మాకోల్ లాంటి నురగ పలకలు పరిచి, పైన పల్చటి చెక్క వేయాల్సిందే. లేకపోతే కరెంటు ఇవ్వరు.

సామ్రాజ్యం ఊహ తెలిసినప్పటి నుంచి వేసవి మధ్యాహ్నాలు వట్టి బండల మీద కొంగు పరుచుకుని పడుకున్న మనిషి. ఇప్పుడు సొంత ఇంటి నేలకు చెయ్యి ఆనిస్తే, జ్వరమొచ్చినవాడి నుదురు తాకినట్టుంది.

గృహప్రవేశం నాడు ఆనవాయితీగా ముందు ఆవును లోపలికి నడిపించారు. చట్టం రాసినవాళ్లకు ఆవు సంగతి తెలియదు, ఆవుకు చట్టం సంగతి తెలియదు. మూడో అడుగుకే గిట్ట చెక్కనూ నురగనూ చీల్చుకుని కింది బండ దాకా దిగింది. ఆవు కాలు విదిలించుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడే నేలల తనిఖీ అధికారి వచ్చి, కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు.

"చల్లదనం పైకి లీకవుతోందమ్మా. ఇది నేరం."

"నేనేమన్నా రమ్మన్నానా అయ్యా ఆ చల్లదనాన్ని? కన్నం వేసిన ఆవు పెరట్లో ఉంది, దాన్నే అడుగు."

అధికారి చెయ్యి తియ్యలేదు. కాసేపటికి బూటు విప్పి కాలు పెట్టాడు. సామ్రాజ్యం మజ్జిగ తెచ్చేసరికి రెండో కాలూ అందులోనే ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"కేసు రాసుకోవా మరి?" అంది.

"రాస్తాలెండి. ముందు ఆ ఆవు ఎవరిదో చెప్పండి. మాదీ కొత్తిల్లే."