పెద్ద తోడల్లుడి చొక్కాలు

సోఫాల షాపు పెద్దమనిషి లాండ్రీ మెట్లెక్కడం చూసి, ఇస్త్రీ మనిషి చటుక్కున వేలాడుతున్న కోట్ల వెనక్కి దూరాడు.

ఎవరెవరివో కోట్లు. ఇంకా ఉతకనివి. చెమట కంపు, సిగరెట్ కంపు, ఎప్పుడో ఒలికిన పాలు పులిసిన కంపు. ముక్కు మూసుకుని నిలబడ్డాడు. పోనీ ఆ వచ్చినవాడు పరాయివాడా అంటే కాదు, స్వయానా పెళ్ళాం అక్క మొగుడు. పెద్ద తోడల్లుడు.

“మావాడు లేడా?” కౌంటరు దగ్గర గొంతు ఖంగుమంది.

“బయటికెళ్ళాడండీ,” అంది కౌంటరావిడ. ఆవిడకిది అలవాటే.

“నన్ను చూస్తే మాయమైపోతాడేంటమ్మా వీడు? సరే, ఈ చొక్కాలు తీసుకో. రేపటికి కావాలి.”

డబ్బు మాట లేదు. ఆయన్ని చొక్కాలకు కూలి అడిగే ధైర్యం ఎవరికుంది? ప్రతి వారం ఆ ఉతుకు డబ్బులు, ఇస్త్రీ డబ్బులు ఇస్త్రీ మనిషి జీతంలోనే కోతపడతాయి. కిమ్మనకుండా కోయించుకుంటాడు.

తోడల్లుడు వెళ్ళిపోయాక ఇవతలికి వచ్చాడు. కౌంటరావిడ ఎగాదిగా చూసింది.

“బాకీ గొడవేనా?”

“ఆఁ. పాతది.”

“ఎన్నాళ్ళిలా దాక్కుంటావయ్యా? ఎదురుపడి తేల్చుకోరాదూ?”

“ఎదురుపడితేనే కదమ్మా పరువు పోయేది. పోయిన నెల ఇక్కడే, వచ్చినవాళ్ళందరి ముందు ఆయన అరవలేదూ? బంధువుల మధ్య డబ్బు సంగతులు పెట్టుకుంటే ఇంతేనని.”

సంచి విప్పాడు. కాలర్లకు జిడ్డు మడ్డిలా అంటుకుని ఉంది. చంకల దగ్గర పసుపుపచ్చ మరకలు. ఈ మహానుభావుడి మురికి వదలగొట్టడానికేనా తను పుట్టింది? ఛీ, ఏం బతుకు! అనుకుంటూనే సబ్బునీళ్ళలో నానబెట్టాడు. అనుకోవడం దాని దారిన అది, నానబెట్టడం దాని దారిన అది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య చెంపకు తడిగుడ్డ అదుముకుని గోడకు జారగిలబడి ఉంది. దవడ పన్ను కింద చీము పట్టింది. చెంప బన్నులా ఉబ్బింది. ఉన్న ఒక్క గదినిండా అదే వాసన.

“డాక్టరు మళ్ళీ చెప్పాడు,” అంది సగం నోటితో. “కోసి శుభ్రం చెయ్యకపోతే ఎముకకి పాకుతుందట. ముందు సగం డబ్బు కడితేనే చెయ్యి పెడతాడట.”

“ఓనరుని అడ్వాన్సు అడిగాను. ఆ మాట వినగానే ఆయనకి చెవుడు వచ్చేస్తుంది. ఈ పాత బాకీ తేలితే తప్ప మన చేతిలో చిల్లిగవ్వ ఆడదు.”

“అయితే వెళ్ళి తేల్చుకు రా. దాక్కుంటే తేలుతుందా? మా బావంటే నాకెంత అసహ్యమో, నువ్విలా నక్కి నక్కి తిరుగుతుంటే అంతకు రెట్టింపు అసహ్యంగా ఉంది.”

“తొందరపడితే అసలుకే మోసం వస్తుందే. ఆయనకి కోపమొస్తే మనమేం చెయ్యగలం?”

“కాళ్ళు పట్టుకో, గడ్డం పట్టుకో. తేల్చుకోకుండా మాత్రం ఇంటికి రాకు.”

మర్నాడు మడత నలగకుండా చొక్కాలు పట్టుకుని సోఫాల షాపుకు వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు.

ప్లాస్టిక్ కవరు తియ్యని కొత్త సోఫాలో తోడల్లుడు కాళ్ళు బారజాపుకుని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. పక్కన ఇద్దరు స్నేహితులు. ఇస్త్రీ మనిషిని కూర్చోమనలేదు.

“అన్నయ్యా, మీ మరదలికి దవడ వాచిపోయింది. ముద్ద దిగట్లేదు. మన పాత సంగతి... ఈసారికి కాస్త దయ చూడండి.”

“వచ్చిన ప్రతిసారీ ఇదే పాటా?” పుల్లకు అంటుకున్నదాన్ని పరీక్షగా చూసి, సోఫా చేతికి రాశాడు. “నాకు మాత్రం డబ్బులు చెట్లకు కాస్తున్నాయా? నీ పెళ్ళాం పంటికీ మన లెక్కకీ ముడిపెడతావేంటయ్యా?”

“పోనీ, సగమైనా...”

“సగమా! బేరాలాడ్డానికి ఇదేమన్నా సంతా?”

స్నేహితుల్లో బట్టతలాయనకు ఒళ్ళు మండింది. “ఇదిగో చూడు, డబ్బు దగ్గరే మనిషి నీతి బయటపడేది. తీసుకునేటప్పుడు ఉన్న వినయం ఇచ్చేటప్పుడు ఉండదేం మీలాంటివాళ్ళకి?”

“బాగా చెప్పారు,” అన్నాడు తోడల్లుడు తలాడిస్తూ. “ఈ రోజుల్లో నీతి ఎక్కడుందండీ.”

ఇస్త్రీ మనిషి నోరు తెరిచాడు. తోడల్లుడి చూపు తన మీదే ఉంది. మళ్ళీ మూసేశాడు. తన మీద తనకే డోకు వచ్చేంత రోత పుట్టింది. ఇంత జరిగాక కూడా చేతులు కట్టుకునే నిలబడ్డాడు మరి.

“సర్లే, నేనేమన్నా రాక్షసుణ్ణా?” అన్నాడు తోడల్లుడు. “వచ్చే నెల చూద్దాం. అవి అక్కడ పెట్టి, ఆ మూల మాసినవి ఉన్నాయి, పట్టుకెళ్ళు.”

“మీ దయ అన్నయ్యా.”

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు, బట్టతలాయన మాటతో సహా. భార్య చీమూ నెత్తురూ గిన్నెలోకి ఉమ్మి, ఉప్పునీళ్ళు పుక్కిలించింది.

“మరి నువ్వేమన్నావు?”

“ఏమంటాను? ఊరుకున్నాను.”

ఆవిడ మూతి తుడుచుకుని మొగుడి మొహంలోకి చూసింది.

“వాడొచ్చి కాళ్ళావేళ్ళా పడితే అప్పిచ్చింది మనమేనని, ఆ ఒక్క ముక్క వాళ్ళ ముందు అనడానికి నోరు రాలేదా నీకు?”