దళపతి పుట్టినరోజు

ఆ రోజు నవంబరు తొమ్మిది. పొద్దున్నే దళపతి ఉడికించిన కోడిమాంసం, క్యారెట్ ముక్కలు, చివర్లో చెంచాడు పెరుగు తిన్నాడు. దేశమంతా టీవీలో చూసింది.

దళపతి అధ్యక్షుడిగారి కుక్క.

అధ్యక్ష భవనంలో దాని బాగోగులు చూసే ఉద్యోగి భార్య, రాత్రి మిగిలిన రొట్టెను టీలో ముంచుకుని తింది. అది ఎవరూ చూడలేదు.

"పుట్టినరోజట, పుట్టినరోజు! ఇది ఇవాళే పుట్టిందని ఎవరు చూశారు?" అంటూ టీవీ కట్టేసింది.

"ఉంచవే తల్లీ! ఇంకా కేకు కోయలేదు," అంది పక్కింటి పెద్దావిడ.

చిన్నాపెద్దా అందరూ దళపతిని 'వాడు' అనేవాళ్ళు. క్యాలెండర్ల మీద వాడే. పిల్లల బడిసంచుల మీద వాడే. కిందటి ఎన్నికల్లో గెలిచింది అధ్యక్షుడు కాదు, వాడేనని జనం నవ్వుకునేవారు. ఆమె మాత్రం 'అది' అనేది. కోపం ఎక్కువైతే 'పీచుమొహం' అనేది.

"మూగజీవం మీద ఇంత కుళ్ళేమిటే? వాడేమన్నా నీ సవతా?"

"సవతైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని."

"జుట్టుకేం లోటు? వాడికి ఒళ్ళంతా జుట్టే!" పెద్దావిడ పడీపడీ నవ్వింది.

ఆవిడ వచ్చిన పని వేరే. పుట్టినరోజు పేరు చెప్పి ఆదివారం భవనం తోటలోకి అందరినీ రానిస్తారట. దళపతికి చలికోటు ఇవ్వాలని ఆవిడ ముచ్చట. ఎర్రటి ఉన్నిగుడ్డ తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

"నా చేత్తో దానికి కోటా? నా ఖర్మ!" అంటూనే ఆమె కత్తెర తీసింది.

"కొలతలు అక్కర్లేదటే?"

"రోజూ టీవీలో చూసి చావట్లేదూ? రొమ్ము దగ్గర కాస్త వదులుండాలి. బిగిస్తే పరిగెత్తలేదు."

సాయంత్రం భర్త వచ్చాడు. ఆమె అతని చొక్కా తీసుకుని వాసన చూసింది.

"ఇవాళ కూడా ఎత్తుకున్నారా?"

"ఎత్తుకోకుండా స్నానం ఎలా చేయిస్తానే?"

"రాత్రి భవనంలో అమ్మగారి మంచం మీదే పడుకుందా?"

"ఊఁ."

ఆమె చొక్కాను బకెట్లో పడేసి, నీళ్ళు చిందేలా అదిమింది.

రాత్రిళ్ళు ఆ ఇంటి పెరటి తలుపు జానెడు తెరిచే ఉంటుంది. చలికాలమైనా అంతే. భర్త దుప్పట్లో ముడుచుకుపోయి మొత్తుకున్నాడు.

"ఆ తలుపు వెయ్యవే. దొంగలొస్తారు."

"రానివ్వండి. మీ దగ్గర కుక్క కంపు. కాస్త గాలాడాలి."

అతను దుప్పట్లోంచి తల బయటపెట్టి అన్నాడు. "ఆదివారం నువ్వు రావద్దు."

"ఊరంతా వస్తుంటే నేనొక్కదాన్నే చేదా?"

"నీ కోపం నాకు తెలీదా? నలుగురిలో నోరు జారావంటే నా ఉద్యోగం పోతుంది. ఈ క్వార్టరూ పోతుంది."

"జారనులెండి," అని అటు తిరిగి పడుకుంది.

ఆదివారం తోటలో ఇసక వేస్తే రాలనంత జనం. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ఆఖరి వరుసలో నిలబడింది. అధ్యక్షుడి భార్య ముందు నడుస్తుంటే, గొలుసు లేకుండా ఆవిడ వెనకే దళపతి వచ్చాడు. పక్కింటి పెద్దావిడ అందరినీ తోసుకుంటూ వెళ్ళి కోటు తొడిగింది. అతికినట్టు సరిపోయింది. చప్పట్లు మోగాయి.

దళపతి మెడ తిప్పి కోటును వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ముక్కు పైకెత్తాడు. మరుక్షణం జనం కాళ్ళ సందుల్లోంచి దూరి, ఆఖరి వరుసలో ఆమె చెప్పుల దగ్గర తేలాడు. తోకతో పాటు ఒళ్ళంతా ఊగిపోతోంది. ముందుకాళ్ళు ఆమె మోకాళ్ళ మీద వేశాడు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. పెదవి కొరుక్కుంది.

భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకేం! నీ దగ్గర మీ ఆయన వాసన పట్టేశాడే!" పెద్దావిడ అరిచింది. అందరూ గొల్లుమన్నారు.

"దళపతీ!" అధ్యక్షుడి భార్య పిలిచింది.

వాడు అటు చూశాడు. ఇటు చూశాడు. కదల్లేదు.

"రా నాన్నా." ఈసారి ఆవిడ గొంతు బతిమాలుతున్నట్టుంది.

వాడు పరుగెత్తాడు. ఆవిడ ఖరీదైన బట్టలతోనే గడ్డిలో కూలబడి, వాడి ఎడమ చెవి వెనక్కి మడిచి, చేతిరుమాలు కొసతో మెల్లగా తుడిచింది. కెమెరాలన్నీ అప్పటికే అధ్యక్షుడి వైపు తిరిగిపోయాయి. ఆఖరి వరుసలోంచి ఆమె ఒక్కతే చూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త, "బతికించావు. నా పైప్రాణాలు పైనే పోయాయి," అన్నాడు.

"చెవి తుడిచింది ఆవిడ."

"రోజూ తుడుస్తుంది. నన్ను ముట్టుకోనివ్వదు. ఉరిమితే అది మంచం కిందికి దూరుతుంది కదా, ఆవిడా దాని పక్కనే నేల మీద కూర్చుంటుంది."

"అప్పుడు పడుకుంటాడా వాడు?"

'వాడు' అన్న మాట విని భర్త తలెత్తాడు. "పడుకుంటాడు," అన్నాడు మెల్లగా.

ఆమె కంచాలు తీసింది. దీపం ఆర్పింది. కిందటి ఎన్నికల ముందు అసలు దళపతి చచ్చిపోతే, అచ్చు గుద్దినట్టున్నాడని తాము పెంచుకున్న పీచుగాణ్ణి భవనానికి పట్టుకుపోయిన రోజు నుంచీ, ఎప్పుడైనా తప్పించుకుని ఇంటికి వస్తాడేమోనని జానెడు తెరిచి ఉంచుతున్న పెరటి తలుపును, చప్పుడు కాకుండా మూసింది.