వెనక మోగిన గంట

పరుగు మొదలయ్యే గీత దగ్గర ఒక ముసలాయన చేతులు బార్లా చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ కొండదారి వద్దు. ఈ ఏడాది కొండమీద కాయలు కాయలేదు."

అకిసావా పట్టణంలో జరుగుతున్న మొట్టమొదటి మారథాన్ అది. జనం గుంపులోంచి ఎవరో అన్నారు:

"మేమేమైనా కాయలు కోసుకురావడానికి వెళ్తున్నామా తాతా?"

అందరూ నవ్వారు. దక్షిణాన మియజాకి నుంచి వచ్చిన చిహారు కూడా నవ్వింది.

నిర్వాహకులు ముసలాయన రెండు రెక్కలూ పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. పోతూ పోతూ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు తనమీదే ఆగినట్టు చిహారుకు అనిపించింది.

సగం దూరంలో ఆమె మోకాలు పట్టేసింది. ఒకరి తర్వాత ఒకరు దాటిపోయారు. దేవదారు అడవిలోకి అడుగుపెట్టేసరికి ఆమె వెనక ఎవరూ మిగలలేదు.

వెనకబడినవాళ్ళను ఎక్కించుకునే బస్సు ఆ ఇరుకు దారిలో పట్టదు కనుక అడవికి అవతల ఆగి ఉంది. ఆగిపోవాలన్నా, ముందు ఆ అడవి దాటాలి.

అప్పుడు వెనక గంట మోగింది.

తిరిగి చూసింది. పొద్దుటి ముసలాయనే. కాళ్ళకు రబ్బరు బూట్లు. ఛాతీమీద నంబరు లేదు. నడుముకు ఒక పక్క ఇత్తడి గంట, ఇంకో పక్క తోలు ఒరలో కత్తి.

ఆమె వేగం పెంచింది. గంట వేగం పెరిగింది. ఆమె ఆగింది. గంట ఆగింది.

"తాతగారూ, మీరు ముందు వెళ్ళండి."

"నేను ముందుకు పోకూడదు. నువ్వు పో."

"నా వెంట ఎందుకు పడుతున్నారు?"

ఆయన చెట్లలోకి చూశాడు.

"నీ వెంట పడింది నేను కాదమ్మాయ్."

"మరి ఎవరు?"

"ఇక్కడ ఆ పేరు పలకకూడదు."

ఫోను తీసింది. సిగ్నల్ లేదు.

ఈయన పొద్దున ఈ పరుగును ఆపాలని చూశాడు, ఆపలేకపోయాడు. ఇప్పుడు చివరిగా ఒంటరిగా మిగిలిన మనిషి దొరికింది. ఇంతకు మించి ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఆ గంటన్నా ఆపండి. అది వింటుంటే నా గుండె ఆగిపోయేట్టుంది."

ఆయన గంట విప్పి, భయపడే పిల్లకు అందించినట్టు, చెయ్యి చాపి దూరం నుంచే అందించాడు.

"ఇది ఆగకూడదు. నువ్వు కట్టుకుని మోగిస్తూ పో."

"కట్టుకుంటే నా వెనక రారు కదా?"

"రాను. ఇక్కడే నిలబడతా."

ఆయన చేతిలోంచి లాక్కుని, నడుముకు కట్టుకుని ఆమె పరుగెత్తింది.

కొంత దూరం పోయాక వెనక పొదల్లో ఏదో ఫెళ్ళున విరిగింది. మాట తప్పి వస్తున్నాడనుకుంది. మోకాలి నొప్పి మరిచిపోయింది.

తర్వాత ఒక పెద్ద కేక వినిపించింది. తననే పిలుస్తున్నాడనుకుని ఇంకా జోరుగా పరుగెత్తింది.

అడవి దాటగానే బస్సు, జనం, చప్పట్లు. గుడారం కింద ఒక స్త్రీ పెద్ద కుండలోంచి చేమదుంపల సూప్ గిన్నెల్లో పోస్తోంది. చిహారు ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అడవిలో ఎవరో పిచ్చివాడు. కత్తితో నా వెంటపడ్డాడు. పోలీసులకు చెప్పండి."

"కూర్చో తల్లీ, ముందు ఇది తాగు. మా ఊళ్ళో పిచ్చివాళ్ళెవరూ..." అంటూ ఆ స్త్రీ ఆమె నడుము వైపు చూసింది. గరిటె ఆగిపోయింది.

"ఈ గంట నీ దగ్గరకెలా వచ్చింది?"

"అతనే ఇచ్చాడు."

"మరి ఆయన?"

"అక్కడే నిలబడ్డాడు."

"గంట లేకుండానా?"

చిహారు చెయ్యి నడుము దగ్గరి గంటమీదికి పోయింది.

ఆ స్త్రీ గట్టిగా అరిచి బస్సు దగ్గరున్న మగవాళ్ళను అడవిలోకి తరిమింది. తిరిగి వచ్చాక గరిటె వెతుక్కుంది. అది ఆమె చేతిలోనే ఉంది.

"ఆయన కనెమత్సు తాత. ఈ కొండల్లో మిగిలిన ఆఖరి వేటగాడు. కాయలు కాయని ఏడాది ఎలుగుబంట్లు ఆకలితో దారులమీదికి దిగుతాయి. వారం నుంచీ మొత్తుకున్నాడు. దారి పొడుగునా టపాసులు కాల్చాం, ఇంకేం రావు పొమ్మన్నారు ఈ నిర్వాహకులు. గంట వింటే అవి మనుషుల దగ్గరికి రావు. మీరు ఎలాగూ ఆగరు కాబట్టి, ఆఖరున వచ్చేవాళ్ళ వెనక తనే ఉంటానని అడ్డదారిన పోయాడు."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"కొండమీద దాని పేరు ఎత్తడు. పేరు ఎత్తితే పిలిచినట్టేనని వేటగాళ్ళ నమ్మకం. ప్రాణం పోయినా ఎత్తడు."

గంట ఎక్కడైనా మోగుతుందేమోనని చిహారు అడవివైపు చెవి ఒగ్గింది. వణుకు ఆపుకోలేకపోయిన ప్రతిసారీ అది తన నడుము దగ్గరే మోగింది.

పొద్దు వాలుతుండగా వాళ్ళు ఆయనను మోసుకొచ్చారు. సూప్ పోసే స్త్రీ దుప్పటి తొలగించి చూసి, మళ్ళీ కప్పింది.

ఆయన నిలబడతానన్న చోటే దొరికాడు. పొద్దున వాళ్ళ పరుగుకు అడ్డంగా చాచిన ఆ చేతులు, ఆమె వెనక వస్తున్నదానికి అడ్డంగా, చెట్లవైపు బార్లా చాచి ఉన్నాయి.