రెండో లైను

“ఏందమ్మా! ఇది ఆసుపత్రా, మీ చర్చీనా? పాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?” వాచ్‌మన్ పుల్లయ్య కసిరాడు.

“తిట్టుకో నాయనా. నోరు మాత్రం మూయను,” అంది ఐసీయూ గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్న ముసలమ్మ. మళ్ళీ అందుకుంది.

“చీకటెంత ముసిరినా నే జడియనూ...”

అక్కడితో ఆపింది. కాసేపు ఊరుకుని, మూడో లైను ఎత్తుకుంది.

ఎదురుగా ఉన్న రోజారమణికి ఒళ్ళు మండింది. జగ్గయ్యపేటలో వాళ్ళ చర్చిలో పాట ఎత్తేది ఆమే. తెల్లారుజామున నందిగామ హైవే మీద సిమెంటు లారీ గుద్దితే, భర్త క్రాంతికుమార్ తెలివి లేకుండా లోపల పడున్నాడు. ఇక జన్మలో పాడనని దేవుడికి తెగేసి చెప్పేసింది.

ముసలమ్మ మళ్ళీ మొదటి లైను పాడి ఆపింది.

“సగం సగం పాడతావేం? రాకపోతే మానెయ్!”

“రెండో లైను నాది కాదు తల్లీ, మావాడిది. వాడు అందుకుంటాడని అలవాటు.”

“పిలువు మరి మీవాణ్ణి!”

ముసలమ్మ ఐసీయూ తలుపు వైపు చూసింది. “లోపలున్నది మీ ఇంటాయనా?” అంది.

“ఆఁ. గుద్దినోడు పారిపోయుంటాడు. వాడి చేతులు పడిపోను! వాడి తల్లి కడుపు కాలిపోను!”

ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు దించి గొంతు సవరించుకుంది.

“అయితే పాడు. చావుకి మన గొంతు కూడా ఇచ్చేస్తామా ఏంటి? పాడు!”

మళ్ళీ మొదటి లైను. మళ్ళీ ఆ ఖాళీ.

రోజారమణి భరించలేకపోయింది.

“చెయ్యి పట్టిన దేవుడు నా తోడుండగా...” అని అందుకుంది, ఆ దేవుడి మీద కోపంతోనే. పాడుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గొంతు పెంచింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ పాడారు. మధ్యలో వార్డుబాయ్ వచ్చి చెవిలో ఏదో చెప్పాక, పుల్లయ్య కసరడం మానేశాడు.

అప్పుడు నర్సు తలుపు తీసింది. “మీ ఆయన కళ్ళు తెరిచారండీ. మీ పేరే పిలుస్తున్నారు.”

రోజారమణి లోపలికి పరిగెత్తింది. మొగుణ్ణి కళ్ళారా చూసుకుని బయటికొచ్చేసరికి బల్ల మీద ఎవరూ లేరు.

“మామ్మేదీ? ముందు ఆమెకి చెప్పాలి!”

“విన్నదమ్మా. మీ ఆయన కళ్ళు తెరిచాడని విన్నాకే లేచింది,” అన్నాడు పుల్లయ్య. “మార్చురీ దగ్గర ఉండాల్సిన మనిషి, పొద్దుట్నుంచీ మీ గుమ్మం దగ్గరే కూర్చుంది.”

“మార్చురీనా? అక్కడెవరున్నారు?”

పుల్లయ్య తల దించుకున్నాడు.

“ఆమె కొడుకు. ఆ లారీ డ్రైవరు పారిపోలేదమ్మా, స్టీరింగు మీదే పోయాడు.”