బీబీ భాష

జావ గిన్నె అందుకోబోయిన బతూలా చేతిని జైనబీ పట్టుకుంది.

"నిన్నగాక మొన్న వస్తివి. అప్పుడే బీబీ మంచం దాకా పోతివే!"

గల్ఫ్ పట్టణం అల్ అమెరాత్‌లోని ఆ అరబ్బుల ఇంట్లో, అందరూ బీబీ అని పిలిచే ముసలామెను ఇన్నేళ్లూ చూసుకున్నది కడప జైనబీ. ఇప్పుడు బీబీ నోట బతూలా పేరే. ఇద్దరూ ఏదో భాషలో చెప్పుకుని నవ్వుకుంటారు.

"బీబీ పుట్టింది జాంజిబార్‌లో. నువ్వు సొమాలియా అయినా నీదీ అదే భాష. చుట్టాలు కలిస్తిరి, ఇంగ నేనెవరు?"

"చుట్టాలా?" ఇద్దరికీ వచ్చిన వంటింటి అరబ్బీలో అంది బతూలా. "మా ముత్తవ్వ అమ్మను జాంజిబార్ ఎదుటి తీరంలో పడవెక్కించి సొమాలియాలో బానిసగా అమ్మింది బీబీ తాతల్లాంటి అరబ్బులే అక్కా. ఆమె పారిపోయి జుబ్బా నది ఒడ్డు చేరింది. అక్కడే అడవి కొట్టి మొక్కజొన్న వేసుకున్నాం. సొమాలీలకు మేం ఇప్పటికీ పరాయివాళ్లమే."

"మరి ఆమెతో నవ్వులెట్లొస్తాయే నీకు?"

"మా అమ్మ చేలో పాడే పాట ఇక్కడ ఆమె ఒక్కదానికే అర్థమవుతుంది."

లోపలి నుంచి బీబీ పిలిచింది. చాలా రోజులకు, జైనబీ పేరుతో.

జైనబీ జావ గిన్నె తీసి బతూలా చేతిలో పెట్టింది.

"నువ్వు పో. అక్క నమాజులో ఉందని చెప్పు."