పది దినాల నిద్ర

“కదలద్దురా, జారిపోతాయి,” అంటూ చెంగమ్మ కొడుకు కళ్ళ మీద బంగాళాదుంప ముక్కలు సర్దింది.

“ఇది కూరకు కోసిందా, నాకోసం కోసిందామ్మా?”

“సగం కూరకి, సగం నీకి. నోరు మూసుకో.”

సిద్ధార్థ నోరు మూసుకున్నాడు. కళ్ళు ఎలాగూ మూసే ఉన్నాయి.

అతనిది బెంగుళూరు కంపెనీలో ఉద్యోగం. పని మాత్రం పుంగనూరులో తన గదిలోంచే. అమెరికా వాళ్ళు మేలుకుని ఉన్నంతసేపూ అతనూ కంప్యూటర్ ముందు మేలుకుని ఉండాలి. మూడేళ్ళుగా అదే వరస. జీతం పెరిగింది, దాంతోపాటు కళ్ళ కింద నలుపూ పెరిగింది. ఆ ఇంట్లో కూలికి పోకుండా, కూర్చుని సంపాదించిన మొదటి మనిషి అతనే కాబట్టి ఇన్నాళ్ళూ ఆ నలుపుని ఎవరూ పట్టించుకోలేదు. పోయిన నెల ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. కాఫీ తాగి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేయలేదు. కారణం వాళ్ళు చెప్పలేదు గానీ, చెంగమ్మ తనే కనిపెట్టింది.

“ఆ కండ్లు సూసి తాగుబోతనుకోనుంటారు.”

ఇప్పుడు పెళ్ళిళ్ళ ఎల్లప్ప కుప్పం సంబంధం తెచ్చాడు. అమ్మాయి పేరు అనిత, బడిలో టీచరు. సిద్ధార్థతో ఫోన్‌లో ఒకసారి మాట్లాడింది కూడా. “మా నాయనకి నచ్చితే నాకి ఇష్టమే,” అంది. ఆ ఒక్క మాటకే అతను మనసు పారేసుకున్నాడు. ఆ రోజు అమెరికా వాళ్ళ మీటింగులో రెండుసార్లు తప్పు జవాబు చెప్పి తిట్లు తిన్నాడు.

అమ్మాయి తండ్రి చూడ్డానికి రావడానికి మూడు వారాలుంది. ఆలోపు నలుపు పోవాలి.

వీధిలో ఇంటికొక వైద్యురాలు ఉందన్న సంగతి అప్పుడే బయటపడింది. కీరకాయ పెట్టమని ఒకామె, తడిపిన టీ పొడి మూట పెట్టమని ఇంకొకామె, బాదం నూనె రాయమని మరొకామె. అసలిదంతా దిష్టి అని ఎదురింటి రత్నమ్మ తేల్చేసింది. ఈలోగా తండ్రి దేవరాజులు ఒక క్రీము కొనుక్కొచ్చాడు. డబ్బా మీద ‘ఏడు రోజుల్లో మాయం’ అని రాసుంది. ఏడు రోజుల్లో క్రీము మాయమైంది.

చివరికి మదనపల్లెలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది.

“ఎన్ని గంటలు నిద్రపోతారు?”

“పగలు నాలుగు గంటలు మేడం. వంటింట్లో కుక్కర్ కూసేదాకా.”

“కళ్ళు ఎక్కువ రుద్దుకుంటారా? తుమ్ములు, దురదలు ఉన్నాయా? రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది, పరీక్ష చేయిద్దాం. కొందరికి వంశంలోనే వస్తుంది.” డాక్టరమ్మ మెల్లగా దేవరాజులు ముఖం కేసి చూసింది.

“నాది ఎండలో పన్జేసిన నలుపమ్మా,” అన్నాడాయన గబుక్కున.

రక్తం బాగానే ఉంది. డాక్టరమ్మ చీటీ మీద ఒక పూతమందు రాసి, దాని కింద ఇంగ్లీషులో ‘రాత్రి నిద్ర, ఎనిమిది గంటలు’ అని రాసింది. దేవరాజులు ఆ చీటీ మందుల షాపులో ఇచ్చి రెండూ కట్టమన్నాడు.

“మొదటిది ఉండాదన్నా. రెండోది మా కాడ దొరకదు,” అన్నాడు షాపతను.

సిద్ధార్థ పది రోజులు సెలవు పెట్టాడు. మూడేళ్ళలో అదే మొదటి సెలవు. పగలూ రాత్రీ తేడా లేకుండా నిద్రపోయాడు. చెంగమ్మ రోజూ పొద్దున్నే అతని గడ్డం పట్టుకుని వాకిట్లోకి తెచ్చి, “ఇంగ కొంచెం ఉండాది,” అంటూ మళ్ళీ పడుకోబెట్టేది. మిగిలిన ఆ కొంచెమూ ఆదివారం ఉదయం బ్యూటీ పార్లరు మునీశ్వరి పూత పూసి కప్పేసింది.

పదకొండుకి అమ్మాయి తండ్రి మునెప్ప వచ్చాడు. కుప్పంలో గ్రానైట్ పాలిష్ పట్టేచోట మేస్త్రీ. రాయిని వెలుతురులో చూడనిదే ఒప్పుకోడని ఎల్లప్ప ముందే చెప్పాడు. దేవరాజులు కొడుకు జీతం కాయితాలు, కంపెనీ కార్డు తెచ్చి ముందు పెట్టాడు.

“అవి ఉండనీప్పా. పిల్లోన్ని ఇట్ల వాకిట్లోకి రానీ,” అన్నాడు మునెప్ప.

“బయట ఎండగా ఉండాదన్నా,” అంది చెంగమ్మ. మునెప్ప అబ్బాయిని ఎండలో నిలబెట్టి తీరుబడిగా చూశాడు.

“రేత్రి పనేనా నాయినా?”

“అవును సార్. సాయంత్రం ఏడు నించి తెల్లారి నాలుగు దాకా.”

“ఎన్నేండ్లుగా?”

“మూడేండ్లు.”

“నిన్న రేత్రి కూడా చేసినావా?”

“లేదు సార్. పది దినాలుగా ఇంట్లోనే ఉండాను, సెలవు.”

“పది దినాలా!” మునెప్ప ఇంకోసారి పరకాయించి చూశాడు. “మొకం మాత్రం బలే తేటగా ఉండాదే.”

చెంగమ్మ ఆనందం పట్టలేక ఆయనకి రెండోసారి కాఫీ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు కారప్పూస పొట్లం కట్టి మరీ ఇచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఎల్లప్ప వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“వాళ్ళు వద్దనుకున్న్యారు దేవరాజులన్నా. ఆ పాపని వేరే పిల్లోనికి ఖాయం చేసి తాంబూలాలు కూడా మార్చుకున్న్యారు.”

సిద్ధార్థ గడప మీద కూర్చున్నాడు. అనిత గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ఇంత వయసొచ్చి ఏడుస్తానని అతను అనుకోలేదు గానీ, ఏడుపొచ్చింది.

“ఏం తక్కవప్పా మావోనికి?” దేవరాజులు లేచాడు.

“ఉద్యోగమే లేదు, అబద్ధం చెప్తాండారు అంటాడు మునెప్ప.”

“కాయితాలు సూడనే లేదు గదా ఆయన!”

“వాళ్ళన్న కూతుర్ని అట్ల కాయితాలు సూసే ఇచ్చినారంట. పెండ్లయినాక అల్లునికి ఏ ఉద్యోగమూ లేదని తెలిసింది. అప్పుట్నించి కాయితమంటే నమ్మడు.”

“మరి ఆ ఇంగో పిల్లోడు ఏం పని?”

“వాడూ మీవోని మాదిరే. బెంగుళూరు కంపెనీ, రేత్రి పని.”

“వానికి ఉద్యోగం ఉండాదని ఏం సూసి నమ్మినాడప్పా మరి?”

ఎల్లప్ప సిద్ధార్థ ముఖం కేసి ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

“వాని కండ్ల కింద నలుపు సూసి.”