వీధికి కట్టిన దారం

దగ్గరికి జరగండి. చేతిలోని నూలు కండెలు కాసేపు పక్కన పెడితే ఏమీ మునిగిపోదు. గుడియాత్తం సాలెవీధిలో, ఎడ్లబండే తప్ప మోటారు ఎరగని కాలంలో జరిగిన మాట ఇది. వినండి.

“లేయండి! నా తిన్నె మీద కూర్చోని నా తిన్నెనే పగలగొట్టాలంటారా? లేయండి పైకి!”

కన్నియమ్మ చేతిలో చీపురు ఉంది. వీధి పెద్దలు పంచెలు దులుపుకుంటూ లేచి నిలబడ్డారు. సాయంత్రం నీడ బాగుంటుందని వాళ్ల పంచాయతీ ఎప్పుడూ ఆమె అరుగు మీదే.

ఆ రోజు మాట రోడ్డు గురించి. ఆ ఎండాకాలంలో వీధి చివర ఒక పూరిల్లు అంటుకుంటే, నీళ్ల పీపాలు తెస్తున్న బండి ఇరుకులో చిక్కుకుని ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. ఇల్లు బూడిదయ్యాకే కదిలింది. అందుకని పెద్దలు పోయి మునిసిపాలిటీని అడిగారు. కంకర రోడ్డు మేం వేస్తాం, జాగా మీరు వదలండి అన్నారు వాళ్లు. ఇటు రెండు మూరలు, అటు రెండు మూరలు.

“రోడ్డు వొద్దని నేనంటినా?” కన్నియమ్మ గొంతు కాస్త దిగింది. “తిన్నెతో పోయేదైతే నేనే పగలగొట్టి ఇద్దును. తిన్నె వెనక గోడ. గోడకు ఆనుకోనే నా మగ్గం గుంత. గుంత పోతే నేను యాడ కూర్చోని నేసేది? మీ నెత్తిన కూర్చోనా?”

“లోపలికి జరుపుకోమ్మా,” అన్నాడు ఆదిమూలం. పెద్దల్లో నోరున్నవాడు.

“లోపల యాడుండాది నాయనా, లోపల? ఉండేది ఒకటే అర. ఈ పక్క పొయ్యి, ఆ పక్క మగ్గం. ఇంకొంచెం జరిగితే వెనకింట్లో పెరియస్వామి మంచం మీద పడతా!”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కైలీ లుంగీలు నేసి బతుకుతున్న మనిషి.

నవ్వనివాడు ఇంకొకడున్నాడు, జయరాములు. పంచాయతీకి పెద్ద. ఆమెకు ఎదురిల్లే. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లో ‘చిరంజీవ’ అనేంత దగ్గర.

“గోడకు, గుంతకు మధ్య ఎంత ఉండాది?” అని అడిగాడు.

“జానెడు. నన్నడుగుతావేమన్నా? మా ఇంటాయనతో కలిసి తవ్వింది నువ్వే గదా!”

జయరాములు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “రేపు పొద్దున వీధికి దారం కట్టేది నేనే. దారం లోపల ఎవరి ఇల్లు పడినా సరే, పోవాల్సిందే. అందరికీ సమ్మతమేనా?”

“ఆమాం, సమ్మతమే!” అన్నాడు ఆదిమూలం. “దాంట్లో ఒకరికొక న్యాయం ఉండకూడదు.” మిగతావాళ్లూ తలలూపారు.

కన్నియమ్మ జయరాములు ముఖంలోకి చూసింది. “నువ్వు కూడానా అన్నా?”

అతను ఎదురింట్లోకి పోయాడు.

సాలెవాళ్లకు కొలత అంటే దారమే. పడుగు సాగదీసినట్లే వీధి పొడవునా ఇటొక వరస, అటొక వరస కొయ్యలు పాతి దారం లాగుతారు. ఒకసారి పంచాయతీ పెద్ద తన చేత్తో కట్టిన దారాన్ని ఇంకొకరు తాకడం ఆ వీధిలో లేదు.

తెల్లవారి కొయ్యలు దిగేసే చప్పుడు మొదలవగానే కన్నియమ్మ తలుపు గడియ పెట్టుకుంది. మగ్గం గుంతలో దిగి కూర్చుంది. “పగలగొట్టేది ఉంటే నాతో కలిపి పగలగొట్టండి!” అని లోపలి నుంచే అరిచింది.

కూలీలు వచ్చారు. గడ్డపార మొదటి పోటుకు నేల అదిరింది. మగ్గం మీద పోగులన్నీ వణికాయి. కన్నియమ్మ పోగుల మధ్య నాడె విసిరింది. ఇంకొక పోటు. మళ్లీ నాడె విసిరింది. దబ్బున గోడ కూలింది. కిటికీలో నుంచి ఎర్రటి దుమ్ము లేచి వచ్చి నేసిన గుడ్డ మీద పడింది. ఆమె కళ్లు మూసుకుని, చేతులు ఆపకుండా, ఇంటాయన పేరు తలచుకుంటూ నేస్తూనే ఉంది.

చప్పుడు ఆగింది.

కళ్లు తెరిచింది. ఎదురుగా గోడ ఉంది. చేత్తో తడిమి చూసింది. ఉంది. లేచి తలుపు తీసింది. తిన్నె ఉంది. తిన్నె కింద పొద్దున వేసిన ముగ్గు కూడా చెదరలేదు. దారం ఆ ముగ్గును తాకకుండా పోయింది.

ఎదుట జయరాములు ఇంటికి మాత్రం ముఖమే లేదు.

అరుగు లేదు, గోడ లేదు. నాలుగు మూరలూ అటువైపే పోయాయి. అతని మగ్గం గుంత ఎండలో నోరు తెరుచుకుని ఉంది. అతను అందులో కూర్చుని పోగుల మీది మట్టి దులుపుకుంటున్నాడు. ఆదిమూలం నెత్తిన చేయి పెట్టుకుని నిలబడ్డాడు. ముందురోజు తానే సమ్మతమన్నాడు, ఇంకేమంటాడు?

“అన్నా! ఇదేందన్నా?”

జయరాములు తలెత్తలేదు. “కొయ్య కొంచెం జరిగింది లేమ్మా. నాకు లోపల ఇంకొక అర ఉండాది, అక్కడ గుంత తవ్వుకుంటా. నీకు యాడుండాది?”

కన్నియమ్మ వెనక్కి తిరిగింది. కొంగుతో తిన్నె తుడిచింది. రెండోసారి కూడా తుడిచింది.

“నీకింక కూర్చునేదానికి తిన్నె లేకపోయె. వచ్చి ఇక్కడ కూర్చో.”

ఆ వీధికి ఎప్పుడైనా పోతే చూడండి, నేరుగా పోయే రోడ్డు ఒక్కచోట వంగి మళ్లీ నేరుగా పోతుంది. వేసినవాళ్లకు కొలత చేతకాలేదని ఎవరైనా నవ్వితే, వాళ్లను కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి. మరిచిపోకండి.